పంప్కిన్ ఫామ్ నుంచి తెచ్చిన గుమ్మడికాయ త్వరగా కుళ్లకుండా

అక్టోబర్‌లో పిల్లల్ని తీసుకుని పంప్కిన్ ఫామ్‌కి వెళ్లడం, ట్రాక్టర్ బండెక్కి తిరగడం, తలో కాయా తెచ్చుకోవడం ఇక్కడ అమెరికాలో మాకు ఏటా ఉండేదే. చిక్కల్లా ఇంటికొచ్చాకే. హాలోవీన్ (అక్టోబర్ 31న, గుమ్మడికాయలకి కళ్లూ నోరూ చెక్కి పెట్టే పండగ) రాకముందే గుమ్మం ముందు పెట్టిన కాయ అడుగున మెత్తబడి నీరు కారుతుంది. మెట్టు మీద మరక ఒక పట్టాన పోదు.

పోయినేడు ఇలా చేశాం. తోటలోనే తొడిమ చూసుకోవాలి. రెండు మూడు అంగుళాల గట్టి తొడిమ ఉన్న కాయే తీసుకోండి. బొటనవేలి గోరుతో నొక్కితే తొక్కలోకి దిగకూడదు. పిల్లలేమో తొడిమ పట్టుకునే ఎత్తుతారు. అది ఊడిందంటే కుళ్లు అక్కడే మొదలు. కింద రెండు చేతులూ వేసి ఎత్తమనండి (మా చిన్నాడు వినడు, వాడి కాయ నేనే మోస్తా).

ఇంటికొచ్చాక మట్టి కడిగేసి, 9 కప్పుల నీళ్లలో 1 కప్పు మామూలు బ్లీచ్ (బట్టలకి వాడే లిక్విడ్) కలిపి, గ్లవ్స్ వేసుకుని పాత గుడ్డతో కాయంతా తుడవాలి. తొడిమ చుట్టూ, అడుగునా ఇంకాస్త శ్రద్ధగా. బాగా ఆరాక సిమెంటు మీద నేరుగా కాకుండా అట్టముక్క వేసి, ఎండ తగలని చోట పెట్టాలి. రాత్రి 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగుతుందంటే లోపలికి తెచ్చేయండి. మావి థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం) దాకా నిలిచాయి.

కళ్లూ నోరూ చెక్కిన కాయని మాత్రం ఇది కాపాడలేదు, అది వారం ఉంటే గొప్ప. హాలోవీన్‌కి రెండు రోజుల ముందు చెక్కుకోండి. దప్పళంలోకి అనుకున్న చిన్న కాయకి బ్లీచ్ వద్దు, పొడిగుడ్డ చాలు.