మీ ఊరి చరిత్ర రాయాలంటే ముందు వంక వెంబడి నడవండి

ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి పేజీలోనే శ్రీకృష్ణదేవరాయలు మా ఊళ్లో విడిది చేశాడని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక ఆపేస్తారు. మన కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఊరు ఎక్కడ నిలవాలో తేల్చింది నీళ్లు. అందుకే నేల నుంచి మొదలుపెట్టండి.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపోషీట్, అంటే వాగులు, చెరువులు, గుట్టలు చూపించే మ్యాపు, సంపాదించండి. కడప చుట్టుపక్కలవి 57జె, అనంతపురానివి 57ఎఫ్, కర్నూలువి 57ఐ నంబర్ల కింద ఉంటాయి, అందులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. దాన్ని పట్టుకుని మీ ఊరి వంక ఎక్కడ పుట్టి, ఏ చెరువు నింపి, చివరికి కుందూలో కలుస్తుందో చిత్రావతిలోనో పాపాఘ్నిలోనో నడిచి చూడండి. రేగడి ఎక్కడ ఆగి ఎర్రనేల మొదలవుతుందో దారిలో కనపడే రైతే చెప్తాడు.

తర్వాత రెవెన్యూ రికార్డులు. గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ని ఊరి మ్యాపు, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (ఏ నంబరు ఏ రకం భూమో రాసిన పాత రిజిస్టర్) చూపించమని అడగండి. ఇప్పుడు ఇళ్లున్న చోట ‘కుంట పోరంబోకు’ (కుంట కింద ఉన్న సర్కారు భూమి) అని ఉందా, ఊరి కాపలా చూసే తలారి మాన్యం, చెరువు నీళ్లు వదిలే నీరుగంటి మాన్యం ఏ సర్వే నంబర్లలో ఉన్నాయి, పక్కన బేచిరాక్ గ్రామం ఏదైనా ఉందా, అంటే పేరుండి మనుషుల్లేని ఊరు, ఇవన్నీ రాసుకోండి. నన్నడిగితే అసలు కథలు అక్కడే ఉంటాయి. కాగితంలో ఫసలీ, అంటే రెవెన్యూ వాళ్ల ఏడాది లెక్క, కనిపిస్తే 590 కలపండి, ఫసలీ 1420 అంటే 2010 జులైలో మొదలైన ఏడాది.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు 1800 తర్వాత కరణాల్లాంటి వాళ్లని అడిగి ఊరూరా రాయించిన కైఫీయతుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, మీ ఊరు ఉండొచ్చు. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది. చదవండి కానీ పూర్తిగా నమ్మేయకండి, అప్పుడే నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన సీమ ఇది, కొత్త దొరల ముందు తన మాన్యం ఎంత పాతదని చెప్పుకుంటే కరణానికి అంత మంచిది కదా!

గుడి దగ్గర, చెరువు కట్ట మీద రాతలున్న బండ కనబడితే సున్నం పూయకండి, గీకకండి, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అక్షరాలు తేలతాయి. శక సంవత్సరానికి 78 కలపాలి. పోరుమామిళ్ల చెరువు శాసనం శక 1291, అంటే 1369. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని అందులోనే ఉంది.

పెద్దవాళ్లని మాత్రం ఏ సంవత్సరం అని అడగొద్దు. గంజికేంద్రాల కరువుకు ముందా, కరణాల, మునసబుల ఉద్యోగాలు పోయినప్పుడా (అది 1984), మండలాలు వచ్చాకా (1985) అని అడగండి. కోడలిగా వచ్చినప్పుడు ఏ బావి నీళ్లు తోడేదానివవ్వా అంటే ఇంకా చాలా చెప్తారు. ఊళ్లో అడిగి సరిపెట్టకుండా ఎస్సీ కాలనీలో కూడా కూర్చోండి, వాళ్ల బావి వేరు, వాళ్లు చెప్పే చరిత్ర కూడా వేరుగా ఉంటుంది.

పాత కాగితాలు వెతికేటప్పుడు జిల్లా పేరు చూసుకోండి. 1882కి ముందు అనంతపురం బళ్లారి జిల్లాలో ఉండేది, 2022లో నంద్యాల, అన్నమయ్య, శ్రీసత్యసాయి జిల్లాలు విడిపోయాయి, కాబట్టి ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే మీ ఊరు దొరక్కపోవచ్చు, పాత తాలూకా పేరుతో వెతకండి.