ఎన్‌కే కణాల రిపోర్టు చదవడం – 4వ పాఠం: దేనిలో శాతం?

ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలంటే వైరస్ సోకిన కణాలను చంపే ఒక రకం తెల్లరక్తకణాలు. ఆరోగ్యవంతుడిలో, దీర్ఘకాలిక హెపటైటిస్ సీ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) రోగిలో వీటిని పోల్చమని పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు కర్నూలు, నంద్యాల, కడప నుంచి ల్యాబ్ టెక్నీషియన్ విద్యార్థులు పంపిన జవాబులు చదివాను. ఈసారి ఇంటర్‌ఫెరాన్ (వైరస్ సోకినప్పుడు ఒంట్లో తయారయ్యే రక్షణ ప్రోటీన్) సంగతి వివరంగా చెబుదామనుకున్నాను. జవాబులు చూశాక దాన్ని వెనక్కి జరపక తప్పలేదు.

ముందు చిన్న పొరపాటు. సీడీ56 (ఎన్‌కే కణాలను గుర్తుపట్టడానికి చూసే, కణం పైనుండే ప్రోటీన్) కనిపించిన ప్రతి కణాన్నీ ఎన్‌కే ఖాతాలో వేశారు. టీ కణాలనే మరో రకం తెల్లరక్తకణాల్లో కొన్నింటి మీదా సీడీ56 ఉంటుంది. కానీ టీ కణాల మీద సీడీ3 అనే ప్రోటీన్ కూడా ఉంటుంది. సీడీ3 లేకుండా సీడీ56 ఉన్నవే మనకు కావాలి. నేనైతే కాగితం మీద నాలుగు గడులు గీసి, సీడీ3 ఉన్న రెండింటినీ కొట్టేశాకే లెక్క మొదలుపెడతాను.

అసలు చిక్కు రెండోది. ఎన్‌కే కణాల్లో సీడీ56 ఎక్కువగా ఉన్నవి బ్రైట్, తక్కువగా ఉన్నవి డిమ్. ‘దీర్ఘకాలిక హెపటైటిస్ సీ రోగిలో బ్రైట్ కణాలు రెట్టింపయ్యాయి’ అని చాలామంది రాశారు. ఈ వాక్యం చూస్తే నాకు ఆందోళనగా ఉంటుంది. రేపు మీరు ఉద్యోగంలో చేరాక ఇదే రిపోర్టుకెక్కి డాక్టరు చేతికి వెళ్తుంది.

సాధన కోసం వేసుకున్న అంకెలతో చూడండి. ఆరోగ్యవంతుడి తెల్లరక్తకణాలు మైక్రోలీటరుకు 6,000. అందులో లింఫోసైట్లు (ఎన్‌కే, టీ కణాలు చేరే తెల్లరక్తకణాల రకం) 30 శాతం, అంటే 1,800. వాటిలో ఎన్‌కే 10 శాతం, అంటే 180. ఆ 180లో బ్రైట్ 10 శాతం: 18. మిగతా 162 డిమ్.

ఇక రోగి. తెల్లరక్తకణాలు 5,000, లింఫోసైట్లు 28 శాతం, అంటే 1,400, ఎన్‌కే 6 శాతం, 84. బ్రైట్ 20 శాతం: దాదాపు 17. డిమ్ 67.

బ్రైట్ శాతం 10 నుంచి 20కి చేరింది. కణాలు మాత్రం 18 నుంచి 17 అయ్యాయి. పడిపోయినవి డిమ్ కణాలు. అనంతపురం కల్లంలో వేరుశనగ కుప్పలోంచి గట్టి కాయలు కొన్ని ఏరి పట్టుకెళ్తే తాలు శాతం పెరుగుతుంది. తాలుకాయలు ఒక్కటీ పెరగవు.

ప్రతి శాతం పక్కన ‘దేనిలో?’ అని రాసుకోండి. లింఫోసైట్లలోనా, ఎన్‌కే కణాల్లోనా? సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) వచ్చి ప్లీహం ఉబ్బిన రోగిలో ఇది మరీ ముఖ్యం. అక్కడ తెల్లరక్తకణాలే తగ్గుతాయి కాబట్టి శాతం మామూలుగా కనిపిస్తూనే సంఖ్య సగానికి దిగవచ్చు. శాతం ఒక్కటే ఉన్న రిపోర్టును నేను సగం రిపోర్టుగానే చూస్తాను.

శాంపిల్ గురించి ఒక మాట. మే నెలలో ఆదోని నుంచి కర్నూలుకు వచ్చే ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టాన్ని) బస్సు ఇంజిన్ పక్కన పెట్టకూడదు, ఐసు ముక్కలకు ఆనించకూడదు. గది ఉష్ణోగ్రత చాలు. వీలైనంత వరకు అదే రోజు పరీక్షకు పెట్టాలి.

ఇంటర్‌ఫెరాన్ సంగతి క్లుప్తంగా: వైరస్ ఆరు నెలలు దాటి ఒంట్లో ఉండిపోతే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ప్రభావం కణాల మీద ఆగకుండా పడుతుంది. ఎన్‌కే కణాలు చంపే పని వైపు మొగ్గుతాయి, ఇంటర్‌ఫెరాన్ గామా తయారీలో వెనకబడతాయి. మిగతాది వచ్చే పాఠంలో. వైరస్ ఉందో లేదో తేల్చేది మాత్రం హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ (రక్తంలో హెపటైటిస్ సీ వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే) పరీక్షే. ఎన్‌కే లెక్క చూసి ఎవరికీ ‘జబ్బు ఉంది’ అని చెప్పకండి.

సాధన: ఒక హెపటైటిస్ సీ రోగికి మాత్రలు మొదలుపెట్టక ముందు తెల్లరక్తకణాలు 4,800, లింఫోసైట్లు 25 శాతం, ఎన్‌కే 7 శాతం, బ్రైట్ 25 శాతం. చికిత్స ముగిసిన 12 వారాలకు అవే 5,200, 30, 9, 12. ఏది పెరిగింది, ఏది తగ్గింది? శాతం అనే మాట వాడకుండా మూడు వాక్యాల్లో రాయండి. తర్వాత, మొదటి రిపోర్టులోని ఆ 7లో 2 నిజానికి సీడీ3 ఉన్న కణాలనీ, అవన్నీ డిమ్ వైపే కలిశాయనీ అనుకుని బ్రైట్ శాతం మళ్లీ కట్టండి.