కాలేజీ అధ్యాపకులకు కాపీరైట్ – మూడో పాఠం: జిరాక్స్ కొట్టుకు వెళ్లే ముందు

రెండో పాఠంలో హక్కు ఎవరిదో తేల్చుకోవడం చూశాం. ఈసారి కడపలో ఒక డిగ్రీ కాలేజీ తెలుగు అధ్యాపకుడి బల్ల దగ్గర కూర్చుందాం. రేపటి తరగతి రాయలసీమ కవుల మీద. ఆయన ముందు మూడు కాగితాలున్నాయి: వేమన పద్యం ఒకటి, దానికి ఈమధ్య ఎవరో రాసిన వ్యాఖ్యానం, పుట్టపర్తి నారాయణాచార్యుల కవితలో రెండు పుటలు. అరవై ప్రతులు తీయించాలి. తీయించవచ్చా?

పద్యంతో పేచీ లేదు. 1884లో కన్నుమూసిన బ్రౌన్ దొర అనువాదం జోడించినా పేచీ లేదు. వ్యాఖ్యానం అలా కాదు. పద్యం పాతదే, దాన్ని విప్పి చెప్పిన వాక్యాలు మాత్రం కొత్తవి, రాసినవారి సొత్తు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇక పుట్టపర్తివారు. మన చట్టంలో హక్కు రచయిత జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. ఆ 60 ఏళ్ల లెక్క, పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి మొదలు. ఆయన పోయింది 1990లో కాబట్టి, బతికుండగా అచ్చయిన రచనలకు 2050 డిసెంబరు ఆఖరుదాకా హక్కు ఉన్నట్టే.

హక్కు ఉందంటే జిరాక్స్ కూడదని అర్థం కాదు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ తీయండి. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ రచనకు ప్రతి తీస్తే ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో చేర్చినా, జవాబులో రాసినా అంతే. "పది శాతం దాటకూడదట" అని స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ శాతం ఈ నిబంధనలో ఎక్కడా లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని జిరాక్స్ కొట్టు మీద పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దావా వేస్తే, 2016 డిసెంబరులో హైకోర్టు ధర్మాసనం ఈ సంగతే తేల్చింది: కొలత పుటల సంఖ్య కాదు, బోధనకు ఆ భాగం అవసరమా అన్నది. మరుసటి ఏడాది ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. అనుమతి లేకుండా ఎంతవరకు వాడుకోవచ్చో తేల్చడానికంటూ ఇంటర్నెట్‌లో కనిపించే 'ఫెయిర్ యూజ్' నాలుగు సూత్రాలు అమెరికా చట్టానివి. వాటితో ఇక్కడ లెక్కలు వేయకండి.

అయితే ఈ వెసులుబాటు తరగతిని అంటిపెట్టుకుని ఉంటుంది. అవే పుటలను పీడీఎఫ్ చేసి ఊరందరికీ తెరిచి ఉన్న చానల్‌లో పెడితే, చూసేవాళ్లలో మీ విద్యార్థులెందరు? అప్పుడు ఈ సెక్షన్ మాటున నిలబడటం కష్టం.

మరొకటి, ఇది నా చాదస్తమే అనుకోండి. పుట అడుగున ఉన్న కవి పేరు జిరాక్స్ అద్దం అంచు దాటిపోయి, 'చార్యులు' అన్న తోక మాత్రం పడిన కాగితాలు చాలా చూశాను. పైన ఖాళీలో పెన్నుతో పేరు, పుస్తకం, పుట సంఖ్య రాసి అప్పుడు కొట్టువాడి చేతికివ్వండి. ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ విడిగా ఇచ్చింది.

అభ్యాసం: గత సెమిస్టర్‌లో మీరు పంచిన కాగితం ఒకటి వెతికి తీయండి. దాని వెనక రాయండి: రచయిత ఉన్నారా, లేకుంటే ఎప్పుడు పోయారు, సిలబస్‌లో ఏ యూనిట్ కోసం పంచారు, తరగతి దాటి బయటికి వెళ్లిందా. వెళ్లి ఉంటే చింపేయకండి. నాలుగో పాఠంలో అనుమతి ఉత్తరం రాయడం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.