ఒంటేలు మంటకు "వేడి చేసింది" అనుకుని ఊరుకునే ముందు

వరి నాట్లు, పత్తి ఏరుడు రోజుల్లో దేవరకొండ, కల్వకుర్తి దిక్కు ఆడకూలీలు చాలామంది పొద్దంతా నీళ్లు ముట్టరు. తాగితే ఒంటికి పోవాలి, చేన్లో చాటు దొరకదు. ఒంటేలు (మూత్రం) పోసేటప్పుడు మంట మొదలయ్యాక "వేడి చేసింది" అని బార్లీ తెప్పిస్తారు. ఆయుర్వేదం పట్టుకున్నది మాత్రం ముందు అలవాటునే. చరక సంహిత ఆపుకోకూడదని చెప్పిన 13 వేగాల్లో (ఒంటికి సహజంగా వచ్చే తొందరల్లో) మూత్రానిదే మొదటి పేరు. ఆపుకుంటే పొత్తికడుపు నొప్పి, బాధతో మూత్రం రావడం, తలనొప్పి, గజ్జలు బిగుసుకోవడం అని గుర్తులూ చెప్పింది.

అందుకే చేనికి బయలుదేరే ముందు ఒకసారి, ఆ తర్వాత మూడు నాలుగు గంటలకోసారి పోయి రావాలి. ఇద్దరు కలిసి పోయి, ఒకరు పాత చీర అడ్డం పడితే చాటు దానంతటదే దొరుకుతుంది. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కే పోవాలి. అటు నుంచి ఇటు వస్తే మలద్వారం దగ్గరి క్రిములు మూత్రమార్గంలోకి చేరతాయి. ఎండలో ఎన్ని నీళ్లు తాగాలన్నదానికి ఒంటేలు రంగే లెక్క: లేత పసుపు ఉంటే సరే, ముదిరితే చాలలేదన్నట్టు.

ఏ నీళ్లన్నది నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఇంకా ముఖ్యం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. తాగడానికీ, బార్లీ కాచడానికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి.

బార్లీకి లీటరు నీళ్లు, రెండు పెద్ద చెంచాల గింజలు. కడిగి, అరగంట సన్నటి మంట మీద ఉడికించి, వడగట్టి, చిటికెడు ఉప్పేసి తాగాలి. ఏ రోజుది ఆ రోజే, ఎండకాలం పొద్దూకేసరికి పులుస్తుంది. పల్లేరు కాయలైతే 10 గ్రాములు చితక్కొట్టి, 160 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగో వంతు మిగిలేదాకా కాచాలి. పత్తి చేని గట్టు మీద ఏరితే కాయలతో పాటు పురుగుమందూ ఇంటికొస్తుంది, కొట్టిన చోట ఏరొద్దు. గర్భిణులు, షుగర్, బీపీ గోళీలు వేసుకునేవారు డాక్టరును అడగకుండా ఈ కషాయం తాగొద్దు. మంట తగ్గాలని కాలి బొటనవేలికి సున్నం పెట్టడంలో వేలు కాలే ప్రమాదం తప్ప ఫలమేమీ లేదు.

ఇవన్నీ ఒంట్లో నీరు తగ్గి వచ్చిన మంటకే. నీళ్లు బాగా తాగినా మరునాటికి తగ్గకపోతే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, ఒంటేలులో నెత్తురు కనిపిస్తే అదే రోజు దవాఖానకు పోవాలి. గర్భిణులకు, పిల్లలకు, షుగరున్నవారికి, మగవారికి మంట ఒక్కటే ఉన్నా చూపించాల్సిందే. ఇక్కడే సిగ్గు అడ్డమొస్తుంది: అత్తకు చెప్పి, అత్త కొడుక్కు చెప్పి, ఆయన మెడికల్ షాపులో రెండు గోళీలు అడిగి తెచ్చేసరికి జ్వరం ముదురుతుంది.

పరీక్షకు మొదటి ధార వదిలేసి, నడిమి ధారను ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టండి. ఇంట్లోని మందు సీసా కడిగి పట్టొద్దు. రెండు గంటల్లో ల్యాబుకు చేర్చాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. కల్చర్ పరీక్ష (ఏ క్రిమి ఉందో పెంచి చూసేది) రాస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వండి, గోళీ పడ్డాక క్రిమి దొరక్కపోవచ్చు. మంట తగ్గిందని కోర్సు మధ్యలో ఆపొద్దు. కిడ్నీ, గుండె జబ్బుతో నీళ్లకు కొలత పెట్టినవారు మాత్రం డాక్టరు చెప్పినంతకు మించి తాగకూడదు, బార్లీ నీళ్లు కూడా ఆ కొలతలోకే వస్తాయి.