కువైట్ పోవాలంటే ముందు పాస్‌పోర్టు తీసి చూడమ్మా

మా ఉదయగిరి వైపు ఆడపిల్లలు ఇంటి పనికి కువైట్ పోతామంటూ నా దగ్గరికొస్తే, ముందు పాస్‌పోర్టు తెమ్మంటాను. దాంట్లో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉందా? పది పాస్ కాకపోతే అలా వేస్తారు. అప్పుడు కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే అనుమతి, కావాలి. ఇంటి పనికైతే 30 ఏళ్లు కూడా నిండాలి.

మనల్ని కాపాడాలనే ఆ రూలు పెట్టారు. కానీ ఇంట్లో అప్పు అంతవరకు ఆగదు కదా! నేను 26 ఏళ్లకే ఒక ఏజెంటు మాట విని, విజిట్ వీసా మీద దుబాయ్ దిగి కువైట్ చేరాను. నాలుగు నెలలు జీతం ఆపారు. అడగడానికి చేతిలో అగ్రిమెంటే లేదు.

తిరిగొచ్చాక ఓపెన్ స్కూల్లో పది రాశాను. లెక్కల పరీక్షలో పక్క బెంచీ పిల్లాడు, మా పెద్దోడి వయసే ఉంటుంది, "ఆంటీ, స్కేలు కావాలా?" అన్నాడు. పాసయ్యాను, ఈసీఆర్ పోయింది. చదువు మీద ఆశతో రాసిందేం కాదు, రూలు తప్పించుకోడానికే.

ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైటులో వెతుకు. ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఇవ్వొద్దు. రసీదు అడిగితే నసిగేవాడిని అక్కడే వదిలెయ్. క్లియరెన్స్‌కు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, 10 లక్షల కవరేజీ. వీసా, అగ్రిమెంటు జిరాక్సులు అమ్మ దగ్గర బియ్యం డబ్బా కింద పెట్టి బయల్దేరు.