టర్కిష్ నేర్చుకునే తెలుగువాళ్లకి ‘అతని ఇంట్లో’ దగ్గర వచ్చే చిక్కు

టర్కిష్‌లో మాట చివర ప్రత్యయాలు వరసగా అతుక్కుంటాయి. ముందు బహువచనం, తర్వాత ఎవరిదో చెప్పేది, ఆఖరున విభక్తి. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్-లెర్-ఇమిజ్-దె అంటే మా ఇళ్లలో. ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. తప్పులు దొర్లేది కొన్ని చోట్లే. వాటిలో మొదటిది నన్ను చాలా రోజులు వదల్లేదు.

సమస్య: ‘నా ఇంట్లో’కి ఎవిమ్‌దె అని రాస్తే సరిపోయింది. అదే లెక్కన ‘అతని ఇంట్లో’కి ఎవిదె అని రాస్తే టీచర్ ఎర్ర పెన్నుతో మధ్యలో ఒక ‘న్’ ఇరికించారు.

కారణం: ఎవి అంటే అతని ఇల్లు, ఆమె ఇల్లు. ఈ ‘ఇ’ మీద విభక్తి చేరితే మధ్యలో న్ రావాల్సిందే. ఎవిన్‌దె (ఇంట్లో), ఎవినె (ఇంటికి), ఎవిన్‌దెన్ (ఇంటి నుంచి). బడిలో చదివిన ఔపవిభక్తికాలు గుర్తు తెచ్చుకోండి. మనం ‘ఇల్లులో’ అనం, ‘ఇంట్లో’ అంటాం. ‘అదిలో’ అనం, ‘దానిలో’ అంటాం. టర్కిష్‌లోనూ ‘అది’కి ఓ అంటారు, ‘దానిలో’కి ఓన్‌దా అంటారు. అక్కడా అదే న్. మన ‘ఇల్లులో’ ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో వాళ్లకి ఎవిదె అంతే.

పరిష్కారం: ప్రత్యయాలని విడివిడిగా కాక ఇన్‌దె, ఇనె, ఇన్‌దెన్ అని జతగా వల్లె వేయండి. నాకు పనికొచ్చింది ఇదొక్కటే. మాట అచ్చుతో ముగిస్తే ‘ఇ’ బదులు ‘సి’ వస్తుంది, న్ మాత్రం పోదు. బోర్డు మీద ఇస్తాంబుల్ ఉనివెర్సితెసి అని ఉంటుంది, ‘యూనివర్సిటీలో’ అనాలంటే ఉనివెర్సితెసిన్‌దె. ‘తో’ అనే అర్థమిచ్చే లె ముందు మాత్రం ఈ న్ రాదు, ఎవియ్‌లె అనాలి.

సమస్య: ‘ఆయ్షె ఇల్లు’ అనబోయి ఆయ్షె ఎవ్ అనేస్తాం.

కారణం, పరిష్కారం: తెలుగులో పేరు పక్కన ఇల్లు పెడితే చాలు. టర్కిష్‌లో ఇద్దరికీ గుర్తు కావాలి, యజమానికి నిన్, ఇంటికి ఇ. ఆయ్షెనిన్ ఎవి.

సమస్య: ‘ఆ పుస్తకం చదివాను’ అన్నా, ఏదో పుస్తకం చదివానన్నట్టే వాళ్లకి అర్థమవుతోంది.

కారణం, పరిష్కారం: మనం ‘పుస్తకం చదివాను’ అని రెండిటికీ సరిపెట్టేస్తాం, ‘పుస్తకాన్ని’ అనడం మన ఇష్టం. వాళ్లకి అది ఇష్టం కాదు, నియమం. కితాప్ ఒకుదుమ్ అంటే ఏదో పుస్తకం. ఫలానా పుస్తకమైతే కితాబి ఒకుదుమ్. అచ్చు తగలగానే ప్ కాస్తా బ్ అయింది, గమనించండి.

సమస్య: ఎవిన్‌దె అని విన్నాను. నీ ఇంట్లోనా, అతని ఇంట్లోనా?

కారణం: రెండూ అవుతాయి. ‘నీ’కి గుర్తు ఇన్, కాబట్టి ఎవ్-ఇన్-దె. ‘అతని’కి ఎవ్-ఇ-న్-దె. విడదీస్తే వేరు, పలికితే ఒకటే. ఇది మీ తప్పు కాదు, టెన్షన్ పడకండి.

పరిష్కారం: వినేటప్పుడు సందర్భం చూసుకోండి. మాట్లాడేటప్పుడు అనుమానం వస్తుందనిపిస్తే ముందు సెనిన్ (నీ) గానీ ఓనున్ (అతని) గానీ చేర్చండి. సెనిన్ ఎవిన్‌దె, ఓనున్ ఎవిన్‌దె.