మిద్దె తోట గ్రూపులో మొక్కల సంగతి తప్ప అన్నీ నడుస్తున్నాయా?

కొన్నేళ్లుగా మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్‌గా ఉంటున్నాను. కొత్త అడ్మిన్లు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "గ్రూపు గాడి తప్పిందండీ, ఎవరిని తీసేయమంటారు?"

ఎవరినీ తీసేయొద్దు. ముందు నిన్నటి మెసేజ్‌లు మొదటి నుంచి చివరిదాకా చదవండి. కాగితం మీద గీతలు పెట్టి ప్రశ్నలెన్ని, జవాబులెన్ని, ఫార్వర్డ్‌లెన్ని, మిగతావెన్ని లెక్కేయండి. పది నిమిషాల పని. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి నేరుగా రూల్స్ రాయడానికి కూర్చుంటారు.

సమస్య: గుడ్ మార్నింగ్‌లు, దేవుడి బొమ్మలు, రాజకీయాలు

కారణం: గ్రూపు దేనికో కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: రెండు లైన్లు రాసి పిన్ చేయండి. పిన్ 30 రోజులకు మించి ఉండదు, గుర్తుపెట్టుకుని మళ్లీ పెట్టాలి. ఫార్వర్డ్ కనబడితే అడ్మిన్‌గా డిలీట్ చేసి, పెట్టినవాళ్లకు విడిగా ఒక మాట చెప్పండి. గ్రూపులోనే మందలిస్తే ఆ మందలింపు మీద ఇంకో నలభై మెసేజ్‌లు పడతాయి.

సమస్య: ఫార్వర్డ్‌లు ఆగాయి, అయినా ప్రశ్నలకు జవాబు రావడం లేదు

నన్ను ముంచింది ఇదే. ఒకావిడ పొద్దున్నే టమాటా ఫోటో పెట్టారు. కాయ అడుగున నల్లగా, లోపలికి నొక్కుకుపోయి ఉంది. "ఏం చెయ్యాలండీ?" అని అడిగారు. అయిదు నిమిషాలకే ఇంకొకరు మూరెడు సొరకాయ పట్టుకుని దిగిన ఫోటో వచ్చింది. ఇక చూడండి: సూపర్ అక్కా, వావ్, మాకూ విత్తనాలు కావాలి, చప్పట్లు, మళ్లీ సూపర్. ఒక్కొక్కరికీ ఆ అక్క "థాంక్యూ అండీ". టమాటా ఎక్కడో పైకి పోయింది. మూడో రోజు ఆవిడే రాశారు, "మొక్క పీకేశానండీ" అని.

పీకాల్సిన పనే లేదు. నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోస్తే కాయకు కాల్షియం సరిగా అందక అలా అవుతుంది. పాడైన కాయలు తుంచేసి, నీళ్లు సమంగా పోస్తే తర్వాతి కాయలు బాగానే వస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు గ్రూపులో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఆ ఫోటో కనబడలేదు, అంతే.

ఇది పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, సొరకాయ మన టాపిక్కే. తప్పెవరిదీ కాదు. నేను మాత్రం నెల రోజులు ఫార్వర్డ్‌లనే తిట్టుకున్నాను. చివరికి గీతలు పెట్టి లెక్కేస్తే సగానికి పైగా మెచ్చుకోళ్లే. ఇంకా సిగ్గుచేటు, సొరకాయ కింద మొదటి "సూపర్" నాదే! అడ్మిన్ మొదలుపెడితే మిగతావాళ్లు మొహమాటానికైనా అందుకుంటారు కదా.

పరిష్కారం: మెచ్చుకోవాలంటే మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి ఒక ఎమోజీ పెట్టండి, కొత్త మెసేజ్ వద్దు. ఇది ముందు అడ్మిన్లు చేసి చూపించాలి. రాత్రి తొమ్మిదింటికి ఒక అడ్మిన్ పైకి వెళ్లి, జవాబు రాని ప్రశ్నలకు రిప్లై కొట్టి "దీనికి ఎవరైనా చెప్పండి" అని కిందికి తేవాలి. అడిగేవాళ్లు కూడా ఉత్త ఫోటో పెట్టి "ఏమైంది?" అంటే సరిపోదు, కుండీ సైజు, ఎండ ఎన్ని గంటలు, నీళ్లు ఎప్పుడెప్పుడు పోస్తున్నారో రాయాలి.

కోసిన కూరగాయల ఫోటోలు మాత్రం పూర్తిగా ఆపేయొద్దు. నేను ఒకసారి ఆపాను. రెండు వారాల్లో గ్రూపులో తెగుళ్ల ఫోటోలు తప్ప ఇంకేమీ మిగల్లేదు, ఆసుపత్రి వార్డులా తయారైంది. ఇప్పుడు ఆదివారం వాటికే వదిలేశాం.

మిగతావి

లాటరీ లింకులు, ఇంట్లో కూర్చుని సంపాదించే స్కీములు: డిలీట్, రిమూవ్, చర్చ లేదు. కొత్తవాళ్లను అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చే సెట్టింగ్ పెట్టుకుంటే ఇవి చాలావరకు రావు.

రసాయన మందులా, జీవామృతమా అని ఇద్దరు రాత్రిపూట పట్టుకున్నారనుకోండి, అడ్మిన్లు మాత్రమే రాసేలా పొద్దుటిదాకా తాళం వేయండి. తెల్లారగానే తీసేయడం మరచిపోవద్దు. నేను మరచిపోయి రెండు రోజులు ఊరెళ్లాను. వచ్చేసరికి సగం మంది ఇంకో గ్రూపు పెట్టుకున్నారు.